ఫోన్‌లో 18, ఒంటికి 12: రాజాం చలిని ఎవరు కొలుస్తున్నారు? మీకు ఏ హెచ్చరిక వర్తిస్తుంది?

డిసెంబరు రెండో వారం వచ్చేసరికి వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోటీ మొదలవుతుంది. రాజాం నుంచి ఒకరు ‘మా దగ్గర 16’ అని స్క్రీన్‌షాట్ పెడతారు. ‘మా యాప్‌లో 18 చూపిస్తోంది, నీది తప్పు’ అని ఇంకొకరు. పాలకొండ రోడ్డు మీద తెల్లవారుజామున బండి నడిపి వచ్చిన మనిషి ‘మీ అంకెలు కట్టిపెట్టండి, నా వేళ్లు పనిచేయడం లేదు’ అంటాడు. ఈలోగా అరకు టూర్‌కి వెళ్లిన బావమరిది చలిమంట ఫొటో పంపి అందరి నోళ్లూ మూయిస్తాడు.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. నలుగురూ నాలుగు వేర్వేరు చలుల గురించి మాట్లాడుతున్నారు, అంతే. అయితే ప్రభుత్వం ఒకే ఒక్క చలిని లెక్కలోకి తీసుకుంటుంది. హెచ్చరిక వచ్చేదీ, సాయం అందేదీ దాన్ని బట్టే. అది ఏ చలో, మీకు ఎంతవరకు వర్తిస్తుందో చూద్దాం.

ఫోన్‌లో కనిపించే అంకె ఎక్కడిది?

మీ ఫోన్‌తో పాటు వచ్చిన వాతావరణ యాప్‌లో ‘రాజాం 18°’ అని కనిపిస్తే, రాజాంలో ఎవరో థర్మామీటరు చూసి ఆ అంకె పంపారని అర్థం కాదు. చాలా యాప్‌లు కంప్యూటర్ మోడళ్ల మీద నడుస్తాయి. ఆ మోడళ్లు భూమిని గళ్ల నోటుబుక్కులా చిన్న చిన్న చదరాలుగా విడగొట్టి ఒక్కో గడికి ఒక ఉష్ణోగ్రత లెక్కగడతాయి. అమెరికా ప్రభుత్వ మోడల్ జీఎఫ్ఎస్‌లో ఒక గడి సుమారు 13 కిలోమీటర్లు. మన వాతావరణ శాఖ 2025 మే నెలలో ప్రారంభించిన ‘భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్’లో 6 కిలోమీటర్లు. అంటే రాజాం పట్టణం, పక్కనున్న నాలుగు పల్లెలు, వాటి మధ్య పొలాలు, చెరువులు అన్నీ కలిపి ఒకటి రెండు గళ్లు. బస్టాండు దగ్గర సిమెంటు రోడ్డుకూ ఊరి చివర తడి మడికీ ఆ గడిలో తేడా ఉండదు.

రెండో రకం అంకె నిజంగా కొలిచినది. రాష్ట్ర ప్రణాళిక శాఖ పరిధిలోని ఏపీఎస్‌డీపీఎస్ మండలాల్లో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు పెట్టింది. మనిషి అవసరం లేకుండా ఉష్ణోగ్రత, తేమ, గాలి, వాన వివరాలు ఇవి పంపుతుంటాయి. సోషల్ మీడియాలో వాతావరణం గురించి రాసే ఔత్సాహికులు మండలాలవారీగా పెట్టే ‘ఈరోజు కనిష్ఠాలు’ జాబితాలకు ముడిసరుకు ఎక్కువగా ఇదే. ‘ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్’ పేరుతో రాసే సాయిప్రణీత్ వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఆయన పని గురించి 2021 జులైలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో కూడా ప్రస్తావించారు. ఇలాంటి వాళ్లు రాకముందు జిల్లా కేంద్రం దాటిన చలి గురించి పేపర్లో ఒక్క ముక్క వచ్చేది కాదని, ఈ డెస్క్‌లో పనిచేస్తున్న మనిషిగా ఒప్పుకోవాలి. ‘చలి పంజా’, ‘గజగజ’ అని హెడ్డింగ్ పెట్టి, లోపల అరకు, లంబసింగి అంకెలు వేసి సరిపెట్టేవాళ్లం.

మూడోది భారత వాతావరణ శాఖ (ఐఎండీ) అధికారిక కేంద్రాల అంకె. ఉత్తర కోస్తాలో కళింగపట్నం, విశాఖపట్నం కేంద్రాల పేర్లు మీరు వినే ఉంటారు. ఇక్కడ కొలత ఒక పద్ధతి ప్రకారం జరుగుతుంది. తెల్ల రంగు వేసిన, నాలుగు వైపులా తడికల్లాంటి రెక్కలున్న చెక్క పెట్టెను కాళ్ల మీద నిలబెట్టి, నేలకు నాలుగడుగుల ఎత్తున థర్మామీటర్లు ఉంచుతారు. గాలి ఆడాలి, ఎండ తగలకూడదు. దీన్ని స్టీవెన్‌సన్ స్క్రీన్ అంటారు. రూపొందించిన థామస్ స్టీవెన్‌సన్ లైట్‌హౌస్‌లు కట్టిన ఇంజినీరు. ‘ట్రెజర్ ఐలాండ్’ రాసిన రచయితకు తండ్రి. ఉదయం 8.30కి థర్మామీటరు చూసి, అంతకుముందు 24 గంటల్లో నమోదైన కనిష్ఠాన్ని రాసుకుంటారు. టీవీలో ‘కనిష్ఠ ఉష్ణోగ్రత’ అని చెప్పేది ఇదే.

అరకు, లంబసింగితో పోటీ ఎందుకు వద్దంటే, వాటిది ఎత్తు వల్ల వచ్చిన చలి. ప్రతి వెయ్యి మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. అంటే మిగతావన్నీ సమానమైనా అక్కడ మనకంటే ఆరు డిగ్రీలు తక్కువగానే మొదలవుతుంది. లంబసింగిని స్థానికులు కొర్రబయలు అంటారు. రాత్రి బయట పడుకుంటే తెల్లారేసరికి కొయ్యబారిపోతారని ఆ పేరుకు అర్థం చెబుతారు. ఆ ప్రాంతపు చలి వార్తల్లో తరచూ వచ్చే చింతపల్లి అంకె అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో కొలిచినది.

మరి ఒంటికి అంత చలి ఎందుకు?

పెట్టెలో 16 ఉన్నప్పుడు మీ పాదాల దగ్గర 16 ఉండదు. పగలు ఎండకు వేడెక్కిన నేల రాత్రంతా ఆ వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. మబ్బు లేకపోతే, గాలి ఆడకపోతే, గాలిలో తేమ తక్కువైతే ఆ వేడి మరింత వేగంగా పోతుంది. ముందు చల్లబడేది నేల, దాన్ని ఆనుకున్న గాలి. అలాంటి రాత్రుల్లో గడ్డి మట్టం దగ్గర ఉష్ణోగ్రత పెట్టెలోని అంకె కంటే రెండు మూడు డిగ్రీలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ తక్కువగా ఉంటుంది. అరుగు మీద పడుకున్నవాళ్లకూ, బస్టాండు గచ్చు మీద గోనె పరుచుకున్నవాళ్లకూ తగిలే చలి ఇది. వాళ్ల చలి ఏ జాబితాలోకీ ఎక్కదు.

సిమెంటు రేకుల ఇల్లు కూడా ఇంతే. పల్చటి రేకు రాత్రి వేడిని త్వరగా వదిలేసి బయటి గాలంత చల్లబడుతుంది. స్లాబు అయితే పగటి వేడిని కొంత దాచుకుని అర్ధరాత్రి దాకా మెల్లగా ఇస్తుంది. ఒకే వీధిలో రెండిళ్ల మధ్య ‘ఈరోజు చలి ఉందా లేదా’ అన్న వాదన తేలకపోవడానికి ఇదొక కారణం.

ఇక బండి సంగతి. ఒంటి చుట్టూ మన శరీరమే వేడి చేసుకున్న పల్చటి గాలి పొర ఒకటి ఉంటుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఆ పొర నిలవదు. అందుకే చేతివేళ్లు, చెవులు ముందు మొద్దుబారతాయి. యాప్‌లో ‘ఫీల్స్ లైక్’ అని చూపే అంకె దీన్ని చెబుతోందని అనుకోకండి. అమెరికా, కెనడా వాడే గాలిచలి సూత్రం 10 డిగ్రీలు, అంతకంటే తక్కువ ఉన్నప్పుడే పనికొస్తుంది. రాజాంలో 15, 16 ఉన్నప్పుడు యాప్ చూపేది ఆ కంపెనీ సొంత లెక్క. పైగా మీరు నిలబడి ఉన్నారనుకుని వేసిన లెక్క, బండి మీద ఉన్నారని దానికి తెలియదు.

ఏ వేళ అన్నది కూడా ముఖ్యమే. బాగా చలి వేసేది అర్ధరాత్రి అని చాలామంది అనుకుంటారు. నేల సూర్యోదయం దాకా వేడిని వదులుతూనే ఉంటుంది కాబట్టి కనిష్ఠం సాధారణంగా తెల్లవారే వేళ, ఒక్కోసారి పొద్దు పొడిచిన కాసేపటికి నమోదవుతుంది. జనవరి మొదట్లో మన దగ్గర పొద్దు పొడిచేది ఆరున్నర ప్రాంతంలో. పారిశుద్ధ్య కార్మికులు రోడ్లు ఊడ్చేది, పాలు పోసేవాళ్లు తిరిగేది, పక్క ఊళ్ల నుంచి కూరగాయల గంపలు ఆటోల్లో దిగేది సరిగ్గా ఆ వేళకే. ఇంట్లో పెద్దవాళ్లు ఐదింటికే వాకింగ్‌కు బయల్దేరుతుంటే, ఈ నెలన్నర మాత్రం ఏడున్నర తర్వాత వెళ్లమని చెప్పండి.

మబ్బు పడితే చలి పెరుగుతుందా, తగ్గుతుందా?

రెండూ జరుగుతాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి మబ్బు కమ్మితే పగటి ఎండ ఉండదు కాబట్టి పగలు చల్లగా ఉంటుంది. రాత్రి ఆ మబ్బే దుప్పటిలా పనిచేసి నేల వేడిని పోనివ్వదు. కనిష్ఠం రెండు మూడు డిగ్రీలు పెరుగుతుంది. అల్పపీడనం వెళ్లిపోయి, ఆకాశం తేటపడి, ఉత్తరాది నుంచి పొడి గాలి మొదలైన రోజు అసలు చలి. ‘వాన పోయింది, చలి పోతుంది’ అని రగ్గు మడిచి పెట్టేసినవాళ్లు ఆ రాత్రే మళ్లీ బయటకు తీస్తారు.

అధికారికంగా ‘శీతల గాలులు’ అని ఎప్పుడంటారు?

విషయం అసలు ఇక్కడే ఉంది. కాస్త ఓపిగ్గా చదవండి.

ఐఎండీ నిబంధన ప్రకారం మైదాన ప్రాంతంలో ఒక కేంద్రం దగ్గర కనిష్ఠం 10 డిగ్రీలకు లేదా అంతకంటే కిందికి దిగాలి. అదే సమయంలో ఆ తేదీకి ఉండాల్సిన సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గి ఉండాలి. అప్పుడే అది శీతల గాలి. ఆ తగ్గుదల 6.4 డిగ్రీలు దాటితే తీవ్ర శీతల గాలి. సాధారణంతో పని లేకుండా కనిష్ఠం 4కు పడిపోయినా శీతల గాలే, 2కు పడితే తీవ్రం. ‘సాధారణం’ అంటే నిన్నమొన్నటి అంకె కాదు, అదే చోట ముప్పై ఏళ్ల సగటు.

సముద్రతీర కేంద్రాలకు ఒక సడలింపు ఉంది. అక్కడ 10 దాకా పడిపోవడం దాదాపు జరగదు కాబట్టి, 15 డిగ్రీలు లేదా తక్కువ ఉండి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు తగ్గితే శీతల గాలిగా పరిగణించవచ్చు. కొండ ప్రాంతాలకైతే 0 డిగ్రీలు.

ఇంకో షరతు కూడా ఉంది. ఒక్క ఊళ్లో ఒక్క రాత్రి జరిగితే చాలదు. ఒక వాతావరణ ఉపవిభాగంలో కనీసం రెండు కేంద్రాల దగ్గర, వరసగా రెండు రోజులు ఉంటే రెండో రోజు ప్రకటిస్తారు. మన ఉపవిభాగం పేరు ‘కోస్తా ఆంధ్ర, యానాం’. ఇచ్ఛాపురం నుంచి నెల్లూరు దాకా అంతా ఒకటే లెక్క.

ఇప్పుడు రాజాం సంగతి చూడండి. ఇది తీర కేంద్రం కాదు, అందుకే 15 డిగ్రీల సడలింపు వర్తించదు. కొండా కాదు. మైదానం నిబంధనే మనది. ఉదాహరణకు మన దగ్గర సాధారణ కనిష్ఠం 17 అనుకుందాం. ఒక రాత్రి 12కు పడిపోయింది. ఐదు డిగ్రీల తగ్గుదల. ఊరంతా వణికిపోతుంది, గ్రూపుల్లో స్క్రీన్‌షాట్లు నిండిపోతాయి. కానీ 10 గీత దాటలేదు కాబట్టి శీతల గాలి కాదు. అదే 12, అదే తగ్గుదల ఒక తీర కేంద్రంలో నమోదైతే అవుతుంది. నిబంధన తప్పు అనడం లేదు. ఉత్తరాదిలో 3, 4 డిగ్రీలకు ప్రాణాలు పోయే చోట్లను దృష్టిలో పెట్టుకుని గీసిన గీత అది. అయితే తీరానికీ కొండకూ మధ్యనున్న మన మండలాలు ఏ గీతకూ అందకుండా పోతున్నాయి.

గీత దాటకపోతే ప్రమాదం లేదని మాత్రం అనుకోవద్దు. 2001–13 మధ్య దేశవ్యాప్తంగా సంభవించిన మరణాలను విశ్లేషించి 2018లో ‘ప్లాస్ మెడిసిన్’ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. విపరీతమైన చలి, విపరీతమైన ఎండల కంటే ఒక మోస్తరు చలికే ఎక్కువ మరణాలు ముడిపడి ఉన్నాయని అది తేల్చింది. కారణం సులువు. విపరీతమైన రోజులు ఏడాదికి కొన్నే. మోస్తరు చలి రోజులు నెలల తరబడి ఉంటాయి, పైగా వాటిని ఎవరూ పట్టించుకోరు.

ప్రకటన వస్తే ఏంటి, రాకపోతే ఏంటి?

శీతల గాలులు, మంచు గడ్డకట్టడం కేంద్రం 2012 నుంచి గుర్తించిన విపత్తుల జాబితాలో ఉన్నాయి. తుపాను, వరదల్లాగే వీటికీ రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి ఖర్చు చేయవచ్చు. 2022–26 నిబంధనల్లో విపత్తు వల్ల మరణించినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయల పరిహారం ఉంది. మరణ కారణాన్ని సంబంధిత అధికారి ధ్రువీకరించాలి. శీతల గాలి అని ప్రకటనే లేని రోజున బస్టాండులో ఒక వృద్ధుడు తెల్లారేసరికి చనిపోయి ఉంటే, కాగితం మీద ఏం రాస్తారో ఊహించుకోవచ్చు. ‘అనారోగ్యం’ అని. కుటుంబం తరఫున ఎవరైనా అడగాలనుకుంటే తహశీల్దారు కార్యాలయం, ఆసుపత్రి రికార్డు, ఆ రోజు మండల కేంద్రం దగ్గర నమోదైన కనిష్ఠం, ఈ మూడూ దగ్గర పెట్టుకోవాలి.

రాత్రి ఆశ్రయాల సంగతి ఇంకా ఇరుకు. నిరాశ్రయులకు నగరాల్లో ఆశ్రయాలు ఉండాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశాలిచ్చింది. తర్వాత వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు లక్ష జనాభాకు కనీసం వంద మందికి సరిపడే శాశ్వత ఆశ్రయం ఉండాలన్నాయి. 2011 జనాభా లెక్కల్లో రాజాం పట్టణ జనాభా 42 వేల పైచిలుకు. ‘లక్షకు ఒకటి’ అనే లెక్కలో ఇలాంటి పట్టణాలు జారిపోతాయి. విశాఖలో రోడ్డు మీద పడుకున్న మనిషికి వెళ్లే చోటు ఒకటి ఉండొచ్చు. రాజాంలో కాంప్లెక్స్ అరుగే దిక్కు. మున్సిపాలిటీ తలుచుకుంటే ఒక కమ్యూనిటీ హాలును డిసెంబరు, జనవరి రాత్రులకు తెరిచి ఉంచడానికి లక్ష జనాభా అక్కర్లేదు. అడగాలనుకుంటే మున్సిపల్ కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో నమోదు చేయించి రసీదు తీసుకోండి. 1100కు ఫోన్ చేసి కూడా నమోదు చేయించవచ్చు. నోటిమాటగా చెబితే లెక్కలోకి రాదు.

ఇంతకీ మీది ఏ జిల్లా?

ఇది నవ్వులాట ప్రశ్న కాదు. వాతావరణ హెచ్చరికలు జిల్లాలవారీగా వస్తాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. సంతకవిటి, వంగర, రేగిడి ఆమదాలవలస మండలాలూ అంతే. పక్కనే ఉన్న జి.సిగడాం శ్రీకాకుళంలోనే ఉండిపోయింది. పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లింది. అరగంట ప్రయాణంలో మూడు జిల్లాలు, మూడు హెచ్చరికలు. ఇప్పటికీ అలవాటు కొద్దీ ‘శ్రీకాకుళం’ బులెటిన్ చూసుకుని మాకేమీ లేదనుకునేవాళ్లు మనలో ఉన్నారు. పైగా రాజాం పిన్‌కోడ్ 532127. అది పాత శ్రీకాకుళం వరసలోదే, పోస్టల్ లెక్కలు జిల్లాతో పాటు మారలేదు.

ఈ తికమక లేకుండా చూసుకోవడానికి ఐఎండీ ‘మౌసమ్‌గ్రామ్’ అనే వెబ్ సేవ ఉంది. అందులో పిన్‌కోడ్ కొట్టినా, ఊరి పేరు కొట్టినా ఆ చోటికి రానున్న రోజుల అంచనా చూపిస్తుంది. ఇది కూడా మోడల్ అంచనాయే. అయినా ఎవరి లెక్కో తెలియని యాప్ కంటే మేలు. ‘మౌసమ్’ యాప్‌లో జిల్లా హెచ్చరికలు రంగుల్లో ఉంటాయి. ఆకుపచ్చ అంటే ఏమీ లేదు, పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే చర్య తీసుకోండి. అమ్మానాన్నలు పల్లెలో ఉంటే ‘మేరీ పంచాయత్’ యాప్ వేసి ఇవ్వండి. 2024 అక్టోబరు నుంచి గ్రామ పంచాయతీల వారీగా వాతావరణ అంచనాలు అందులో పెడుతున్నారు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ కంట్రోల్ రూమ్ నంబర్లు 112, 1070, 1800 425 0101.

కుంపటి గదిలోకి తేవద్దు

చలికాలం వార్తల్లో డెస్క్‌లో మాకు అన్నిటికంటే చేదుగా అనిపించేది ఇది. తలుపులు, కిటికీలు బిగించి, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవడం. మంట ఆరి బొగ్గు ఎర్రగా కణకణలాడుతున్నప్పుడు పొగ కనిపించదు. కార్బన్ మోనాక్సైడ్ మాత్రం వస్తూనే ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, కళ్లు మండవు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట అది కూర్చుంటుంది. మొదట తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం, మత్తు. నిద్రలో ఉన్న మనిషికి ఇవేవీ తెలియవు. బాలింత గదిలో సాంబ్రాణి, పొగ పెట్టే ఇళ్లలో ఇది ఇంకా జాగ్రత్తగా చూడాల్సిన సంగతి. పొగ వేయడం అయ్యాక కుంపటి బయటకు తీసి, తలుపు కాసేపు తెరిచే ఉంచండి. గాలి ఆడని బాత్రూంలో గ్యాస్ గీజరుకూ ఇదే వర్తిస్తుంది. ఎవరైనా అలా పడిపోయి కనిపిస్తే ముందు తలుపులు తెరిచి మనిషిని బయటి గాలిలోకి తీసుకురండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. నిమ్మరసం, మజ్జిగ తాగించే ప్రయత్నం చేయొద్దు.

గుండె, బీపీ ఉన్నవాళ్లకు చలి ఇంకో రకంగా తగులుతుంది. ఒంట్లో వేడి పోకుండా చర్మం దగ్గరి రక్తనాళాలు ముడుచుకుంటాయి, దాంతో రక్తపోటు పెరుగుతుంది. చలికాలం ఉదయాల్లో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. నిద్ర లేచిన వెంటనే చన్నీళ్లు గుమ్మరించుకోవడం, మందు వేసుకోకుండా వాకింగ్‌కు వెళ్లిపోవడం ఈ రోజుల్లో మానాలి. కార్తీక స్నానాలు, ధనుర్మాసపు గుడి నియమం వదలలేని పెద్దవాళ్లతో వాదించి గెలవలేం. నీళ్లు గోరువెచ్చగా కాచి ఇవ్వడం, స్నానం అయ్యాక తల త్వరగా ఆరబెట్టడం మన చేతిలో ఉంటాయి. ‘చలికి ఒక పెగ్గు’ అనే వైద్యం మాత్రం పూర్తిగా తప్పు. మద్యం రక్తనాళాలను వెడల్పు చేసి చర్మానికి వేడి పంపుతుంది. ఒళ్లు వెచ్చబడినట్టు అనిపిస్తుంది కానీ లోపలి వేడి బయటకు పోతుంది. ఒంటి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందికి దిగితే ప్రమాదం. మాట తడబడటం, మగతగా ఉండటం, వణుకు ఆగిపోవడం దానికి గుర్తులు. వణుకు ఆగిందంటే చలి తగ్గిందని కాదు, ఒంట్లో ఓపిక అయిపోయిందని.

మంచు: కళ్ల ముందు రోడ్డు మాయమైతే

రాజాంకు రైలు లేదు. రైలెక్కాలంటే చీపురుపల్లికో, పొందూరుకో, ఆమదాలవలసకో పోవాలి. తెల్లవారు రైలు అందుకోవడానికి ఆటోలో, బండి మీద బయల్దేరేవాళ్లకు, చిలకపాలెం వైపు హైవే ఎక్కేవాళ్లకు చలి కంటే పొగమంచే పెద్ద బెడద. తేమ ఉన్న నేల మీద గాలి చల్లబడి మంచు పడుతుంది. అందుకే కోతలైనా తడి ఆరని మడులు, చెరువు గట్లు, మడ్డువలస జలాశయం చుట్టుపక్కల ఒక్కసారిగా తెర దించినట్టు ఉంటుంది. ఊళ్లో బాగానే ఉందని వేగంగా బయల్దేరిన మనిషి చెరువు మలుపులో దారి కనపడక తడబడతాడు.

వాతావరణ శాఖ లెక్కలో 200 మీటర్ల కంటే తక్కువ దూరం కనిపిస్తే దట్టమైన మంచు, 50 మీటర్ల కంటే తక్కువైతే అతి దట్టం. రోడ్డు పక్క కరెంటు స్తంభాలను కొలబద్దగా వాడుకోండి. ముందున్న ఒక్క స్తంభమే కనిపించి రెండోది కనిపించకపోతే మీరు అతి దట్టమైన మంచులో ఉన్నట్టే లెక్క, వేగం సైకిలు వేగానికి దగ్గరగా తేవాలి. హైబీమ్ వేయవద్దు, వెలుతురు మంచుకు తగిలి మీ కళ్లలోకే వస్తుంది. లోబీమ్‌లోనే నడపాలి. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని వెళ్లడం మన దగ్గర పెద్ద అలవాటు, అది బండి ఆపినప్పుడు వేయాల్సినవి. నడుస్తుండగా వేస్తే మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలియదు. ఇది చెరకు సీజన్ కూడా. వెనక లైటు లేని చెరకు ట్రాక్టరు మంచులో గోడలాంటిది. ట్రాక్టరు మీదే అయితే, ట్రక్కు వెనక ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కరు అంటించడానికి అయ్యే ఖర్చు ఒక పూట టీ ఖర్చు.

పొలం ఉన్నవాళ్లకు ఒక మాట. వరి కోశాక తేమ మీద, మంచు మీద బతికే మినుము, పెసరలకు ఈ చలి మంచిదే. మామిడి పూతకు మాత్రం చల్లటి రాత్రులతో పాటు తేమ కలిస్తే బూడిద తెగులు భయం ఉంది. ఐఎండీ, వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో ఇచ్చే సలహాలు ‘మేఘదూత్’ యాప్‌లో తెలుగులో వస్తాయి. అక్కడ కూడా జిల్లా విజయనగరం అని పెట్టుకోవడం మర్చిపోవద్దు.

ఇక ఎన్నాళ్లు? ఏడాదిలో అతి పొట్టి పగలు డిసెంబరు 21, 22 తేదీల్లో వచ్చినా, నేల పూర్తిగా చల్లబడటానికి ఇంకొన్ని వారాలు పడుతుంది. కాబట్టి భోగి మంటల దాకా చలి గట్టిగానే ఉంటుంది. అరసవల్లిలో రథసప్తమి నాటికి ఎండలో చురుకు తెలుస్తుంది. శివరాత్రికి చలి ‘శివశివా’ అంటూ పోతుందని పెద్దలు చెప్పేది మన ప్రాంతానికి దాదాపు సరిగ్గానే సరిపోతుంది. ఆ తర్వాత అదే గ్రూపులో, అవే పేర్లతో, 40 డిగ్రీల స్క్రీన్‌షాట్లు మొదలవుతాయి.